బాబుకి ఆటలమ్మ పోసింది, ఆఫీసులో సెలవు లేదంటున్నారు: అసలు మీకున్న హక్కు ఏమిటి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైనది ఇది. గచ్చిబౌలిలో నూటయాభై మంది ఉన్న ప్రైవేటు కంపెనీలో ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నారు. నాలుగేళ్ల బాబుకి ప్లే స్కూల్లో ఆటలమ్మ అంటుకుంది, తగ్గేదాకా తీసుకురావద్దని స్కూలువాళ్లు చెప్పేశారు. మీవారు ప్రాజెక్టు మీద చెన్నైలో ఉన్నారు, అత్తగారు ఊళ్లో. మేనేజరేమో "సిక్ లీవ్ నీకు జబ్బు చేస్తేనే, ప్రొబేషన్‌లో సీఎల్ ఉండదు, వారం రాకపోతే ఎల్‌ఓపీ, తర్వాత నీ కన్ఫర్మేషన్ సంగతి చూద్దాం" అన్నాడు (సీఎల్ అంటే క్యాజువల్ లీవ్, ఎల్‌ఓపీ అంటే జీతం లేని సెలవు, ప్రొబేషన్ అంటే ఉద్యోగం పక్కా కాకముందు ఉండే గడువు). ఇక మీ స్నేహితురాలి సలహా: తెలిసిన డాక్టరు దగ్గర మీ పేరు మీదే ఒక మెడికల్ సర్టిఫికెట్ రాయించి పంపేయమని.

ముందు ఆ చివరి మాట సంగతి తేలుద్దాం. ఆ పని మాత్రం చేయకండమ్మా.

ఇరవై ఏళ్లకు పైగా హెచ్‌ఆర్‌లో ఉండి, ఇప్పుడు చిన్న కంపెనీలకు లేబర్ చట్టాల మీద సలహాలిస్తున్నాను. ఈ సర్టిఫికెట్ పని నేనూ ఒకసారి చేశాను. 2003లో మా అమ్మాయికి గవదబిళ్లలు వచ్చాయి. నాకు వైరల్ ఫీవర్ అని రాయించుకుని ఐదు రోజులు ఇంట్లో ఉన్నాను. నెలాఖరున మెడికల్ రీయింబర్స్‌మెంట్ కోసం పాప మందుల బిల్లులు పెట్టాను, అవే తేదీలతో. అకౌంట్స్‌లో ఉన్నాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. మెమో వచ్చింది. ఆ మెమోలో పాప జబ్బు ప్రస్తావనే లేదు, "తప్పుడు ధ్రువపత్రం సమర్పించుట" అని మాత్రమే ఉంది. బిడ్డకు బాగోలేదని సెలవు పెడితే మహా అయితే జీతం పోయేది. అబద్ధం రాసిచ్చి, ఉద్యోగం తీసేయడానికి పనికొచ్చే కారణాన్ని వాళ్ల చేతిలో నేనే పెట్టాను. తర్వాత నేను హెచ్‌ఆర్ కుర్చీలో కూర్చున్నాక ఇలాంటివి ఎన్నో వచ్చాయి. దాదాపు ప్రతి దాంట్లోనూ నిజం చెప్పి ఉంటే మనిషికి ఏమీ అయ్యేది కాదు.

ఇప్పుడు చట్టం. చేదు నిజం ముందే చెబుతాను: మన దేశంలో ప్రైవేటు ఉద్యోగికి "బిడ్డ జబ్బు సెలవు" అనే పేరుతో ఏ చట్టంలోనూ సెలవు లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, మేనేజరు చెప్పిందే వేదమనుకుంటారు. కానీ వేరే పేరుతో ఒకటుంది.

తెలంగాణలో మీ కంపెనీకి వర్తించేది 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. అందులో సెలవుల సెక్షన్ 30. దాన్ని మాటమాటగా చదవాలి, కిటుకంతా మాటల్లోనే ఉంది. ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో సెలవు, ఉద్యోగి "తనకు" వచ్చిన జబ్బుకో, జరిగిన ప్రమాదానికో. అంటే సిక్ లీవ్ విషయంలో మీ మేనేజరు చెప్పింది నిజమే, చట్టం కూడా అదే అంటోంది. దాని పక్కనే ఇంకో 12 రోజుల క్యాజువల్ లీవ్, అదీ జీతంతోనే, "సహేతుకమైన ఏ కారణం మీదైనా". నాలుగేళ్ల బిడ్డకు అంటువ్యాధి వచ్చి, స్కూలు రానివ్వక, ఇంట్లో చూసేవాళ్లు లేకపోవడం సహేతుకమైన కారణం కాదని ఏ లేబర్ అధికారి ముందైనా నిలబడి చెప్పగల మేనేజరుని నేనింతవరకూ చూడలేదు.

ప్రొబేషన్‌లో సీఎల్ ఉండదన్న మాట చూడండి. అదే సెక్షన్ ఈ రెండు రకాల సెలవులూ ఉద్యోగి "మొదటి పన్నెండు నెలల్లోనూ, ఆ తర్వాత ప్రతి పన్నెండు నెలల్లోనూ" పొందవచ్చంటోంది. కన్ఫర్మ్ అయ్యాకే అని ఎక్కడా లేదు. కంపెనీ పాలసీ చట్టం కన్నా ఎక్కువ ఇవ్వొచ్చు గానీ తక్కువ ఇవ్వకూడదు. ఆఫర్ లెటర్‌లో సంతకం పెట్టించుకున్నారనో, పోర్టల్‌లో బ్యాలెన్స్ సున్నా చూపిస్తోందనో చట్టం ఇచ్చిన సెలవు ఎగిరిపోదు. ఇక మిగిలింది ఈఎల్, అంటే పనిచేసి సంపాదించుకునే సెలవు. అది 240 రోజులు పనిచేశాక, ఆ తర్వాతి ఏడాదిలో 15 రోజులు వస్తుంది. ఎనిమిది నెలలకి మీకింకా రాలేదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. కంపెనీ నెలనెలా ముందుగానే జమచేస్తుంటే మాత్రం వాడుకోవచ్చు.

ఐటీవాళ్లకు ఈ చట్టం వర్తించదని కూడా ఎవరో ఒకరు మీతో అంటారు. మన దగ్గర ఐటీ, ఐటీఈఎస్ (ఐటీ ఆధారిత సేవల) కంపెనీలకు మినహాయింపులున్న మాట నిజమే. అవి పనివేళలు, రాత్రి షిఫ్టుల్లాంటి వాటి మీద, ఈ సెక్షన్ 30 సెలవుల మీద కాదు. ఈ సెలవుల వల నుంచి నిజంగా బయట పడేది సంస్థ వ్యవహారాల మీద అజమాయిషీ ఉన్న మేనేజ్‌మెంట్ స్థాయివాళ్లు. పేరులో "మేనేజర్" అని తగిలించినంత మాత్రాన మీరు ఆ లెక్కలోకి రారు. ఈ రోజుల్లో మా వీధిలో సగం మంది అసిస్టెంట్ మేనేజర్లే.

ఒకసారి మీ కంపెనీ లీవ్ పాలసీ తెరిచి చదవండి. ఇప్పుడు చాలాచోట్ల సిక్, క్యాజువల్ అని విడదీయకుండా ఒకే మూటగా కట్టేస్తున్నారు. మీ దగ్గర అలా ఉంటే "నీకు జబ్బు చేస్తేనే" అన్న వాదనకు చోటే లేదు, ఏ పనికి వాడినా ఆ సెలవు మీదే. శని, ఆదివారాలు మధ్యలో పడితే వాటినీ సెలవుగా లెక్కేసే శాండ్‌విచ్ పద్ధతి ఉందేమో కూడా చూసుకోండి. పాలసీలో రాసి లేకుండా నోటిమాట మీద అది అమలుచేస్తుంటే అడ్డం తిరగొచ్చు.

ఎన్ని రోజులు కావాలో లెక్క వేద్దాం. ఆటలమ్మ ఒంటి మీద పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అన్ని పొక్కులూ ఎండి చెక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. మామూలుగా పొక్కులు మొదలైన దగ్గర్నుంచి ఐదు నుంచి ఏడు రోజులు. సోమవారం బయటపడితే ఆ వారమంతా పోయినట్టే, మరుసటి సోమ, మంగళవారాల్లో స్కూలుకి పంపొచ్చేమో డాక్టరు చూసి చెబుతారు. అంటే మీ సమస్య ఐదారు పని దినాలది, నెలది కాదు. ఇది మేనేజరుకీ తెలియాలి. "బాబుకి తగ్గేదాకా" అని రాస్తే అవతలివాళ్లకు అది ఎన్నాళ్లో తెలియదు, భయపడి వెంటనే వద్దంటారు. "ఫలానా తేదీ దాకా, ఆ రోజు డాక్టరు చూశాక ఖాయంగా చెబుతాను" అని రాస్తే చాలామంది దిగొస్తారు.

ఇక్కడ ఒక మాట. మన ఇళ్లల్లో అమ్మవారు పోస్తే తలంటు పోసేదాకా బిడ్డను గడప దాటించరు. వేపాకు నీళ్లు, మంచిరోజు, బేసి రోజు అని పెద్దవాళ్లు లెక్క చూస్తారు. మా అత్తగారూ చూసేది, నేనూ ఎదురు చెప్పలేదు. అది ఇంటి సంగతి, ఇంట్లోనే ఉండనివ్వండి. ఆఫీసుకిచ్చే కాగితంలో మాత్రం పొక్కులు చెక్కు కట్టిన తేదీయే లెక్క. "తలంటు గురువారం" అని రాసిన దరఖాస్తు ఒకటి నా దగ్గరకే వచ్చింది. నేను నవ్వి సంతకం పెట్టాను గానీ అందరూ పెట్టరు.

మీ పేరు మీద సర్టిఫికెట్ వద్దన్నాను కదా, మరి ఏం తేవాలి? బాబు పేరు మీద పీడియాట్రీషియన్ చీటీ. అందులో మూడు విషయాలుండాలి: జబ్బు పేరు, ఎప్పటిదాకా మిగతా పిల్లలకు దూరంగా ఉంచాలో ఆ తేదీ, "తల్లి గానీ తండ్రి గానీ దగ్గరుండి చూసుకోవాలి" అనే ఒక్క వాక్యం. మూడోది అడిగితేనే రాస్తారు, అడగండి. స్కూలు నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజి స్క్రీన్‌షాట్ తీసి జతచేయండి. కంపెనీ మెయిల్ నుంచే మేనేజరుకి రాసి, హెచ్‌ఆర్‌కి కాపీ పెట్టండి, అదే మెయిల్‌ని మీ సొంత మెయిల్‌కీ బీసీసీ చేసుకోండి. పెద్ద కథ అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో రాసినా భావం ఇలా ఉంటే చాలు:

"మా నాలుగేళ్ల బాబుకి చికెన్‌పాక్స్ అని డాక్టరు నిర్ధారించారు. ఫలానా తేదీ దాకా ఇంట్లోనే వేరుగా ఉంచమన్నారు, స్కూలు కూడా రానివ్వడం లేదు. చూసుకోవడానికి ఇంట్లో వేరే పెద్దవాళ్లెవరూ లేరు. అందువల్ల ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా క్యాజువల్ లీవ్ కోరుతున్నాను. అత్యవసరమైన పనికి రోజూ ఉదయం రెండు గంటలు ఇంటి నుంచి అందుబాటులో ఉండగలను. చీటీ జతచేశాను. సెలవు ఇవ్వడం కుదరకపోతే కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఆ ఆఖరి వాక్యం చాలా పనిచేస్తుంది. ఫోన్లో "కుదరదు" అనడం సులువు, అదే మాట రాసివ్వమంటే వెనక్కి తగ్గేవాళ్లే ఎక్కువ. మేనేజరు ఫోన్లోనే జవాబిస్తే, "ఇందాక మీరు ఫోన్లో చెప్పినట్టు" అని మొదలుపెట్టి ఆయన అన్నదంతా మెయిల్‌లో పెట్టేయండి.

వర్క్ ఫ్రమ్ హోమ్ హక్కు కాదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత, ప్రసూతి సెలవు అయ్యాక, పని స్వభావం ఒప్పుకుంటే, ఇద్దరూ మాట్లాడుకుని ఇంటి నుంచి చేసే వీలు చట్టంలో పెట్టారు. అదీ ఒప్పందమే. నాలుగేళ్ల బాబు తల్లికి ఆ సెక్షన్ ఉపయోగపడదు. అయినా అడగండి. అడిగేటప్పుడు రోజంతా చేస్తానని మాత్రం మాటివ్వకండి. దురదకు రాత్రంతా ఏడ్చిన పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని ఎనిమిది గంటలు ఎవరూ పనిచేయలేరు, లాగిన్ అయి మాయమైతే అదింకో మెమో. అదే 2017 సవరణ 50 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న సంస్థకు క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) పెట్టమంది, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకునే వీలు ఇమ్మంది. మీ కంపెనీలో ఉందా? ఉన్నా ఇప్పుడు పనికిరాదు లెండి, పొక్కులున్న పిల్లాణ్ని ఏ క్రెష్ గుమ్మంలోకి రానిస్తుంది? బాబుకి తగ్గాక మాత్రం ఈ విషయం గట్టిగా అడగండి.

ఒకవేళ కంపెనీయే "ఇంట్లో అంటువ్యాధి ఉంది, టీంలో గర్భిణి ఉంది, ఆఫీసుకి రావద్దు" అంటే? గర్భిణుల విషయంలో ఆ జాగ్రత్త సబబే, ఇంతకుముందు ఆటలమ్మ రానివాళ్లకు అది ప్రమాదం. కానీ అప్పుడు మీరు రాలేదనడం కుదరదు, వాళ్లే రావద్దన్నారు. ఆ మాట రాతలో తీసుకుని, ఆ రోజులకు జీతం గానీ ఇంటి నుంచి పని గానీ ఇమ్మని అడగండి. మీకు చిన్నప్పుడే వచ్చి తగ్గి ఉంటే అదీ చెప్పండి. మీకు రానేలేదు, బాబు నుంచి మీకూ అంటుకుంది అంటే లెక్క మారిపోతుంది. అప్పుడది మీ జబ్బు, మీ సిక్ లీవ్.

జీతం నెలకు 21,000 లోపు ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ముక్క ఒకటి. ఈఎస్‌ఐలో బిడ్డకు వైద్యం దొరుకుతుంది, మందులు దొరుకుతాయి. కానీ బిడ్డ జబ్బుకి మీరు ఇంట్లో ఉన్నందుకు డబ్బు రాదు. రోజుకు 70 శాతం లెక్కన ఏడాదిలో 91 రోజుల దాకా ఇచ్చే సిక్‌నెస్ బెనిఫిట్ కార్డున్న మనిషికి జబ్బు చేస్తేనే. ఇక్కడా బిడ్డ చీటీని మీ చీటీగా మార్చాలని చూడొద్దు, డిస్పెన్సరీలో అసలే దొరికిపోతారు.

ఎల్‌ఓపీ బెదిరింపు. సీఎల్ అయిపోతే ఎల్‌ఓపీ వేయడం వాళ్ల హక్కే, దానికి బాధపడి లాభం లేదు. ఎంత కోయొచ్చు అనే దానికి మాత్రం హద్దుంది. రాని రోజులకు పడే వాటా ఎంతో అంతే. ఒకరోజు రాకపోతే రెండు రోజుల జీతం కోసే ఆచారం మన ఊళ్లలో చిన్న ఆఫీసుల్లో, దుకాణాల్లో ఇంకా ఉంది, అది చెల్లదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నుంచీ ఉన్న సూత్రమిది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది, పైగా ఇప్పుడు జీతం ఇంత లోపు ఉంటేనే అన్న పరిమితి లేదు.

ఉద్యోగం పోతుందన్న భయం మీకు అన్నిటికన్నా పెద్దదని తెలుసు. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ దాని బదులు నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదని మన షాప్స్ చట్టం అంటుంది (మీది ఐటీ కంపెనీ అయితే, ఇందాకటి మినహాయింపుల్లో ఇది కూడా ఉందేమో చూసుకోండి). మీకు ఎనిమిది నెలలు. ఆటలమ్మ పోసిన బిడ్డ దగ్గర ఐదు రోజులున్నారన్నది సరైన కారణం కాదు. సుప్రీంకోర్టు ఇలాంటి వాటి మీద చెప్పిన మాటలు రెండు గుర్తుంచుకోండి. 1993లో ఒక ఫ్యాక్టరీ కార్మికుడి కేసులో, ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగం తనంతట తానే పోతుందని స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే సంస్థ రాసిపెట్టుకున్న ఉద్యోగ నిబంధనల్లో ఉన్నా సరే, విచారణ జరపకుండా, అతని మాట వినకుండా తీసేయడం చెల్లదంది. 2012లో ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కేసులో, చెప్పకుండా రాకపోయాడన్నంత మాత్రాన సరిపోదు, కావాలనే రాలేదని రుజువు కావాలి, తప్పనిసరి పరిస్థితిలో రాకపోవడం దుష్ప్రవర్తన కాదంది. ఈ రెండూ మీకు డాలులా పనికొస్తాయి, కానీ మీరు మౌనంగా మాయమైపోతే కాదు. నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో అనుమతి లేకుండా పది రోజులకు మించి రాకపోవడాన్ని దుష్ప్రవర్తన కింద రాశారు. సెలవు ఇవ్వలేదు కదా అని ఫోను ఆపేసి కూర్చునేవాళ్లు ఓడిపోయేది ఇక్కడే. సెలవు మంజూరు కాకపోయినా రోజూ ఒక చిన్న మెయిల్: ఇవాళ్టి పరిస్థితి ఇదీ, రాలేకపోతున్నాను. రెండు లైన్లు చాలు.

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల కన్ఫర్మేషన్‌ను "పనితీరు బాగాలేదు" అనే సాకుతో ఆపేయొచ్చని మీరడగబోతారు. ఆపొచ్చు, అలా ఆపుతారు కూడా, ఈ విషయంలో మీకు అబద్ధం చెప్పను. అందుకే బాబుకి తగ్గి మీరు ఆఫీసుకెళ్లిన వారంలోనే, అప్పటిదాకా మీకొచ్చిన మంచి ఫీడ్‌బ్యాక్ మెయిళ్లు, రేటింగులు ఒకచోట దాచుకోండి. సెలవుకి ముందు బాగున్న పనితీరు సెలవు తర్వాత హఠాత్తుగా ఎందుకు పడిపోయిందో అప్పుడు వాళ్లే చెప్పుకోవాల్సి వస్తుంది.

అన్నీ చేసినా వినకపోతే ముందు హెచ్‌ఆర్ హెడ్‌కి, ఆ తర్వాత మీ ప్రాంతం అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి ఫిర్యాదు. కార్మిక శాఖ ప్రధాన కార్యాలయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. లాయరు అక్కర్లేదు, మీ మెయిళ్ల ప్రింట్లు పట్టుకెళ్తే చాలు. నిజానికి చాలా కేసులు అక్కడిదాకా వెళ్లవు. సెక్షన్ 30 అని ఒక్క మాట రాస్తే హెచ్‌ఆరే మేనేజరుకి ఫోన్ చేసి సర్దేస్తారు. ఆ కుర్చీలో ఉన్నప్పుడు నేనూ అదే చేసేదాన్ని.

ప్రభుత్వంలో పనిచేసే మీ తోటికోడలికి సెలవుందని రాశారు, నిజమే. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్, పిల్లలకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా. ఒంటరి తండ్రికీ ఉంది. తెలంగాణలో మహిళా ఉద్యోగులకు 90 రోజులు, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 60 నుంచి 180కి పెంచారు. కోవిడప్పుడు 2021 జూన్‌లో కేంద్రం, ఇంట్లో తనపై ఆధారపడినవాళ్లకు పాజిటివ్ వస్తే ఉద్యోగికి 15 రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చింది. హిమాచల్‌లో ఒక కళాశాల అధ్యాపకురాలి కేసులో 2024లో సుప్రీంకోర్టు, ఆడవాళ్లు ఉద్యోగం చేయగలగడం దయాధర్మం కాదు, రాజ్యాంగ హక్కు అంది. ఆమె బిడ్డకు ఎముకలు విరిగిపోయే జన్యు వ్యాధి, సెలవులన్నీ అయిపోయాయి. ఆ తీర్పు ప్రభుత్వాన్ని ఉద్దేశించింది, ప్రైవేటు కంపెనీని కట్టిపడేయదు. జర్మనీలో ఉన్న మా చెల్లెలి కూతురికి బిడ్డ జబ్బు చేస్తే తల్లికి పదిహేను, తండ్రికి పదిహేను రోజులు ఇన్సూరెన్స్ నుంచి జీతంలో చాలాభాగం వస్తుంది. బ్రిటన్‌లో జీతం లేకపోయినా మొదటి రోజు నుంచే సెలవు తీసుకునే హక్కుంది. అవి విని నిట్టూర్చడమే తప్ప గచ్చిబౌలిలో పనికిరావు.

ఇంకో విషయం, మీరు అడగలేదు గానీ చెబుతాను. మీ పోస్టు మొత్తంలో మీవారు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయారు. చెన్నైలో ఆయనకూ సీఎల్ ఉంటుంది కదా. సోమ, మంగళ, బుధ మీరు, గురువారం ఉదయం ఆయన వచ్చి ఆదివారం దాకా, అవసరమైతే మరుసటి సోమవారం మళ్లీ మీరు. అప్పుడు మీ దరఖాస్తు మూడు నాలుగు రోజులది అవుతుంది. వారం అంటే ముఖం చిట్లించే మేనేజరు మూడు రోజులకి తలూపుతాడు. పిల్లాడికి జబ్బు అనగానే స్కూలు తల్లి నంబరుకే ఫోన్ చేస్తుంది, ఆఫీసులు కూడా తల్లే ఆగిపోతుందని లెక్కేసుకుంటాయి. ఈ వారం ఆ లెక్క కొంచెం తప్పనివ్వండి.

మీ ఇంట్లో పనిచేసే ఆవిడకి పిల్లలుంటే, ఆటలమ్మ సంగతి ఆమెకు ముందే చెప్పి రావద్దనండి, ఆ రోజుల జీతం కోయకండి. ఆమె తరఫున సెక్షన్ 30 చూపించేవాళ్లెవరూ లేరు.

మెయిల్ పంపాక వాళ్లేం జవాబిచ్చారో ఇక్కడే రాయండి. కాదని రాతపూర్వకంగా ఇస్తే, పేర్లు తీసేసి ఆ జవాబు ఇక్కడ పెట్టండి, తర్వాతి మెయిల్ ఎలా రాయాలో చూద్దాం.